విమానంలో వెళ్ళిన చందువా పులుసు

రాజమండ్రి నుంచి ఢిల్లీకి విమానంలో రెండున్నర గంటలే అని తెలిసిన రోజు నా కాళ్ళు నేలమీద నిలవలేదు. రైల్లో అయితే పందొమ్మిది వందల కిలోమీటర్లు, ఒకటిన్నర రోజు. గాల్లో పధ్నాలుగు వందలైనా లేవు. రామచంద్రపురంలో ఈ లెక్క నా నోట వినని మనిషి లేడు.

నా ఆత్రమంతా ఢిల్లీలో ఉన్న చెల్లి కోసం. దానికి మూడో నెల. వేవిళ్ళతో గంజి కూడా కడుపులో నిలవట్లేదు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాలన్నారట. అది అడిగింది ఒక్కటే, అమ్మ చేతి చందువా చేప పులుసు.

అమ్మ పొద్దున్నే పులుసు కాచి దించింది. చల్లారీ చల్లారకముందే నేను స్టీలు డబ్బాలోకి వంపేసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అద్ది, పైన టేపు చుట్టేశాను.

"రేపు వెళ్ళకూడదటే?" అంది అమ్మ.

"రైలు కాదమ్మా, విమానం. మధ్యాహ్నం భోజనానికే తినిపించేస్తా" అన్నాను, విమానం నేనే నడుపుతున్నట్టు.

మధురపూడి విమానాశ్రయం చేరేదాకా గంటన్నర పాటు డ్రైవర్ని సాధించాను. విమానం లేచి గోదావరి సన్నబడేసరికి నవ్వాగలేదు. పక్కసీటాయన మోచెయ్యి పట్టుకుని లాగేశాను.

"చూడండి, చూడండి."

"చూశానండి" అని ఆయన కళ్ళు మూసుకున్నారు.

మధ్యాహ్నం రెండు కాకుండానే చెల్లి ముందు కంచం పెట్టాను. మూడో ముద్దకే అది లేచి బాత్రూంలోకి పరుగెత్తింది. తిరిగొచ్చి గోడకి చేరబడి ఏడ్చేసింది.

"అమ్మ పులుసు కూడా పడట్లేదక్కా. ఇంకేం తినను నేను?"

నేనూ రుచి చూశాను. పులుపు విడిగా, కారం విడిగా, ముక్క లోపల చప్పచప్పగా ఉంది. ఒళ్ళు మండిపోయి అమ్మకి ఫోన్ చేశాను.

"ఉప్పూ కారం చూసుకోవద్దా అమ్మా?"

"రైల్లో అయితే దారిలోనే ఊరేదే. నువ్వు చేరావు గాని పులుసింకా చేరలేదు. కదపకుండా రేప్పొద్దుటిదాకా వదిలెయ్యి."

నా తలకాయ! మా వైపు చేపల పులుసు ఇవాళ కాచి రేపు తింటారు. పుట్టినప్పట్నించీ తిన్నదాన్ని, విమానం మోజులో మర్చేపోయాను.

మర్నాడు ఏడింటికి వేడన్నంలో పులుసు పోసి పెట్టాను. చెల్లి ఒక ముద్ద తిని ఆగింది. రెండో ముద్ద తింది. మూడోది తింది. తలెత్తకుండా కంచం నా ముందుకి జరిపింది.

"ఇంకొంచెం వెయ్యక్కా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. గరిటె ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకున్నాను.

"అమ్మా, పులుసు ఇప్పుడే చేరింది" అన్నాను.