తరిగిపోయిన పటికబెల్లం

నా చిన్నప్పుడు నేనొక శాస్త్ర సత్యం కనిపెట్టాను. పటికబెల్లాన్ని మాటిమాటికీ తూస్తే దాని బరువు తరిగిపోతుందని. ఆ సంగతి విని శ్రీకాకుళం నుంచి ప్రొఫెసర్లు పాతపట్నం బస్సెక్కి వచ్చారని మా మనవలకు చాలాసార్లు చెప్పాను. ఎవరూ రాలేదు. జరిగింది వేరు.

అరవైల చివర్లో నేను హైస్కూల్లో ఉన్నాను. ఆ ఏడు వానల్లేక మా వరి పొట్టదశలోనే ఎండిపోయింది. ఇంట్లో పొయ్యి సాయంత్రం పూటే వెలిగేది. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఆరు మైళ్లు నడిచి బడికి వెళ్లేవాణ్ణి. ఆరని చెప్పుకుంటాను గానీ మూడే.

ఒకరోజు లేబులో ఘనపదార్థాల సాంద్రత కొలవాలి. ఒకడికి ఇనుము, ఒకడికి గాజు ఇచ్చి, నాకు చిన్న నిమ్మకాయంత పటికబెల్లం ముక్క ఇచ్చారు. దాన్ని మూడుసార్లు తూచి సగటు బరువు రాసుకోవాలి. నీళ్లలో కరిగిపోతుంది కనుక, కొలజాడీలో కిరసనాయిలు పోసి అందులో ముంచి, ఆయిలు ఎంత పైకి లేచిందో చూడాలి. బరువును దానితో భాగిస్తే సాంద్రత.

మొదటిసారి నలభై గ్రాములు తూగింది. అటు తిరిగి ఒక్కసారి నాకాను. కాదు, నోట్లో పెట్టుకుని బాగా చప్పరించాను. రెండోసారి ముప్పై ఎనిమిది. మూడోసారి ముప్పై అయిదు. దొంగ అంకె వేయాలన్న తెలివి తట్టక, తూగింది తూగినట్టే రాసేశాను.

మా సైన్సు మాస్టారు నా నోటుబుక్కు తీసుకుని ఆ మూడు అంకెలనూ చాలాసేపు చూశారు. లేబులో దొంగతనమని తేలితే బడిలో పేరు కొట్టేస్తారు. ఆపైన మా అయ్య నన్ను గేదెల వెనక తోలడం ఖాయం.

"ఒరే, పొద్దున్న ఏటి తిన్నావు?"

"అంబలి తాగినానండి."

"ఏ రోజు పొద్దున్న?"

నేను నేల చూశాను. "మొన్నండి."

ఆయన మిగిలిన ముక్కను శుభ్రంగా తుడిచి, తనే తూచి, ఆయిల్లో ముంచి, మళ్లీ లెక్క కట్టారు. సాంద్రత సరిగ్గా వచ్చింది.

"సూసావా, ముక్క సిన్నదైనా సాంద్రత మారదు. తప్పు తూసినోడిది. కడుపు కాలితే సెయ్యి ఒణుకుతాది, కాటా ముల్లు నిలవదు. తినకుండా కాటా ముట్టుకోకూడదు, అది లేబు రూలు. రేపట్నుంచి ముందు మా ఇంటికొచ్చి తిను, అప్పుడు బడికి రా. రూలు తప్పితే పేరు కొట్టేస్తాను."

రూలు గనక తిన్నాను. జాలిపడి పెడతానంటే ఆ గడప తొక్కేవాణ్ణి కాదు. కొత్త పంట ఇంటికొచ్చేదాకా ఆయన పక్కన కూర్చుని, చాలా బాధ్యతగా, రెండేసి సార్లు వడ్డించుకుని రూలు పాటించాను.

విజయనగరంలో కాలేజీలో చేరాక, లేబు గోడమీది రూల్సన్నీ పైనుంచి కిందదాకా చదివాను. మా మాస్టారి రూలు అందులో లేదు. మళ్లీ చదివాను. కళ్లెందుకు తుడుచుకుంటున్నావని పక్కవాడు అడిగితే యాసిడ్ ఆవిరి పడిందన్నాను.

తర్వాత నేనూ సైన్సు మాస్టారినే అయ్యాను. పిల్లల అంకెలు తప్పితే ఎర్రసిరా తీసే ముందు వాళ్ల ముఖం చూడడం అలవాటైంది. మా ఇంట్లో నన్ను కోతలరాయుడంటారు. కాదనను. కానీ ఆకలితో ఉన్న పిల్లాడు సిగ్గుపడకుండా అన్నం తినడానికి ఇన్నేళ్లలో నేను రూల్సు కల్పించిన తీరు మాత్రం మా మాస్టారి దగ్గర నేర్చుకున్నదే.