పాల కూలర్ చూపించిన నాలుగు డిగ్రీలు

తిరుపతిలో ఒక ఇంటి పై అంతస్తులో మా చిన్న కంపెనీ ఉంది. పాలు చల్లబరిచే కూలర్లకు కంట్రోలర్ బోర్డులు తయారుచేస్తాం. ఆ బోర్డులో నడిచే ప్రోగ్రాం రాసేది నేనే. ఊళ్లలోని పాల కేంద్రాల్లో పెద్ద స్టీలు ట్యాంకులుంటాయి. సాయంత్రం పోసిన పాలు మర్నాడు పొద్దున ట్యాంకరు వచ్చేదాకా చెడకూడదు. పాలు కాస్త వేడెక్కగానే కూలర్‌ను ఆన్ చేయడం మా బోర్డు పని.

బంగారుపాళ్యం దాటాక హైవే వదిలి, మామిడితోటల మధ్య నుంచి లోపలికి పోతే ఒక ఊరు వస్తుంది. అక్కడి కేంద్రాన్ని నడిపే ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. చెప్పులతో ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. ట్యాంకు కడగడం ఇంకొకరికి వదిలేది కాదు.

ఒక పొద్దున ఆమె ఫోను చేసింది.

"అమ్మణ్ణీ, పాలు ఇరిగిపోయినాయి. ట్యాంకరాయన వద్దంటా ఉండాడు."

"డిస్‌ప్లే మీద ఎంతుంది అక్కా?"

"నాలుగు. రాత్రి పడుకొనేటప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే సూపిస్తా ఉండాది."

నాలుగు డిగ్రీల్లో ఉన్న పాలు ఒక్క రాత్రిలో విరగవు. పాల వేడిని కొలిచే సెన్సార్ వైరు ఊడితే బోర్డు కూత పెడుతుంది. ఆ చెక్ నేనే రాశాను, నా బల్ల మీద వైరు పీకి మరీ చూసుకున్నాను. కాబట్టి ఆమె చెప్పేది నిజం కాదనుకున్నాను.

"కరెంటు ఆదా అవుతుందని రాత్రి మెయిన్ స్విచ్ ఆపేశారా అక్కా? చెప్పండి, ఏమీ అనను."

చిన్న గొంతుతో, "నేను ముట్టలే" అని పెట్టేసింది.

చేతులు తడిగా ఉన్నాయని ఆమె ఫోను స్పీకరులో పెట్టిందని నాకు అప్పుడు తెలియదు. పాలు పోయడానికి వచ్చినవాళ్లంతా చుట్టూ నిలబడి నా మాట విన్నారు. మిషను చేసిన మనిషే అలా అడిగిందంటే ఇంకేం కావాలి వాళ్లకు?

ఆ రోజే బస్సెక్కి వెళ్లాను. అక్క కనబడలేదు, ఇంటికి వెళ్లిపోయిందన్నారు. ఖాళీ ట్యాంకు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది. డిస్‌ప్లే మాత్రం నాలుగే చూపిస్తోంది. ట్యాంకు వెనక్కి వంగి చూస్తే సెన్సార్ వైరును ఎలుకలు కొరికి తెంపేశాయి.

తిరుపతికి తిరిగొచ్చి, నేను రాసిన ప్రోగ్రాంను చిప్ భాషలోకి మార్చే కంపైలర్ తయారుచేసిన మిషను కోడ్ తెరిచి వరుసగా చదివాను. నేను రాసిన చెక్ అందులో లేనే లేదు.

జరిగింది ఇది. సెన్సార్ దొరకకపోతే దాని చిరునామా సున్నా అవుతుంది. దాన్నే నల్ పాయింటర్ అంటాం. ముందు చిరునామా సున్నానా అని చూసుకుని, ఆ తర్వాతే అక్కడి విలువ చదవాలి. నేను మొదట అలాగే రాశాను. కొన్నాళ్లకు ఇంకేదో అవసరం వచ్చి, విలువ చదివే ఒక లైను పైన చేర్చాను. చెక్ దాని కిందికి పోయింది. కంపైలర్ తన పద్ధతిలో తాను ఆలోచించింది: పైన ఇప్పటికే చదివారంటే ఇది సున్నా అయ్యే వీల్లేదు, ఇక ఈ చెక్ దండగ. తీసేసింది. బల్ల మీద పరీక్షించేటప్పుడు ఆ చురుకుదనం ఆపి ఉంచుతాను కాబట్టి అక్కడ చెక్ పనిచేసింది. ఊళ్లకు పంపే ప్రోగ్రాం చిన్నదిగా ఉండాలని దాన్ని ఆన్ చేశాను, అక్కడ చెక్ పోయింది.

మన కంప్యూటర్లలోనైతే సున్నా చిరునామాను చదవబోతే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఈ చిన్న చిప్‌లో అలాంటి కాపలా లేదు. సున్నా దగ్గర కూడా మామూలు మెమరీయే ఉంటుంది, అందులో ఏదో ఒక అంకె ఉంటుంది. మా బోర్డు దాన్నే నాలుగు డిగ్రీలుగా చదువుకుని, పాలు చల్లగానే ఉన్నాయని ఊరుకుంది.

మా ఓనరు చూసి, "నువ్వు చెక్ రాసినావు గదమ్మా, కంపైలర్ తీసేస్తే నువ్వేం జేస్తావు?" అన్నాడు. ఓదార్పుకే అన్నాడు. అది నాకు పనికిరాలేదు.

చెక్‌ను పైకి జరిపాను. అలాంటి చెక్‌లు తీసేయవద్దని కంపైలర్‌కు చెప్పే సెట్టింగు పెట్టాను. మిగతా ఊళ్ల బోర్డులన్నీ మార్చి, చివరికి ఆ ఊరికి పొద్దున్నే వెళ్లాను. కేంద్రం తాళంచెవులు అప్పటికే వేరే ఆమె చేతికి పోయాయి. అక్క తన క్యాను పట్టుకుని వరుసలో నిలబడి ఉంది.

అందరి ముందు చెప్పాను. వైరు తెగినా మిషను తెలుసుకోలేకపోయిందని, ప్రోగ్రాం రాయడంలో నేను పొరపాటు చేశానని.

"అట్లయితే ఆయమ్మ స్విచ్చి ఆపలేదంటావు" అన్నాడు ఒక పెద్దాయన.

"ఆపలేదు. తప్పు నాదే."

అక్క క్యాను కింద పెట్టింది.

"మిషను సంగతి చెప్పినావు, సరే. నాలుగు సూపిస్తా ఉండాదని నేను నోరు తెరిచి చెప్పినా నువ్వు నమ్మలే. ఆ సంగతి చెప్పలేదే."

దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అందులో ఈ మాట లేదు.

"నమ్మలేదక్కా" అన్నాను. "మీరు అబద్ధం చెప్తున్నారనుకున్నాను."

ఆమె నా మొహంలోకి చూసి తలాడించింది. తాళంచెవులు మళ్లీ తీసుకోమని ఒకరిద్దరు అన్నారు. "వద్దులేప్పా. ఇంక ఆ అంకె సూస్తే నాకు దడ పుడతాది" అంది. తన పాలు పోసి, చీటీ తీసుకుని వెళ్లిపోయింది.

ఇప్పటికీ సర్వీసుకు ఆ ఊరు వెళ్తుంటాను. అక్క వరుసలో ఎదురైతే "తిన్నావా?" అని అడుగుతుంది, అందులో కోపమేమీ ఉండదు. లేదంటే ఇంటికి రమ్మంటుందని, తినకపోయినా తిన్నానక్కా అనే చెప్తాను. ఆమె ఇంట్లో కూర్చుని అన్నం తినడానికి నాకు మొహం చెల్లదు.