హమ్రియా లెక్కల్లో నా కూతురు

మస్కట్‌లో నా కొలువు ముగిసి, మొన్న రూము ఖాళీ చేద్దామని పెట్టె సర్దుతుంటే, అడుగున మడతలు అరిగిపోయిన అరబ్బీ కాగితమొకటి బయటపడింది. మా రూములో ఉండే నిజామాబాదు ఎలక్ట్రీషియన్ దాని మీద ఫోను పట్టి చదివించాడు. అది ఒకప్పటి జనాభా లెక్కల కాగితం. ఎనిమిది మంది మగవాళ్ల పేర్ల కింద, తొమ్మిదో వరుసలో ఒక ఆడపిల్ల, వయసు నాలుగు, నా కూతురు అని రాసి ఉంది. నాకూ నా భార్యకూ సంతానం కలగలేదని అతనికి తెలుసు. "కాకా, ఈ బిడ్డ ఎవలు?" అని అడిగాడు.

అతనికి చెప్పలేకపోయిన సంగతి నా ఈడు వాళ్లయిన మీకు చెప్పుకుంటాను.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. మస్కట్‌లోని హమ్రియా పేటలో ఎనిమిది మందిమి ఒక రూములో ఉండేవాళ్లం. దర్జీని కనుక నా కుట్టుమిషను ఆ రూములోనే, కిటికీ పక్కన ఉండేది. పక్క గదిలో జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన భార్యాబిడ్డలతో కాపురముండేవాడు. ఆ ఇల్లాలు జ్వరంతో పదిరోజుల్లో పోయింది. మూడేళ్ల పిల్లను సైటుకు తీసుకుపోలేక, ఒంటరిగా వదలలేక, ఆయన డ్యూటీ ఎగ్గొట్టి, చివరికి కంపెనీ వదిలేశాడు. వీసా కంపెనీదే కనుక, దాంతో తండ్రికీ బిడ్డకూ కాగితాలు లేకుండా పోయాయి. ఇద్దరినీ మా రూములోకి తెచ్చుకున్నాం. ఆయన దొరికిన పనికల్లా పోతుంటే, పగలంతా పిల్ల నా దగ్గరే, మిషను కింద గుడ్డపీలికలతో ఆడుకునేది. నన్ను "మిషను నాయిన" అని పిలిచేది.

ఏడాది తిరిగాక ఒక శుక్రవారం జనాభా లెక్కలు రాసే ఒమానీ ఒకాయన తలుపు కొట్టాడు. కిటికీలోంచి ఆయన చేతిలో కాగితాలు చూడగానే మేస్త్రీ వెనక మెట్లెక్కి డాబా మీదికి వెళ్లిపోయాడు. పిల్ల మాత్రం నా కాలు పట్టుకుని నిలబడింది. ఆయన మా అందరి పేర్లూ రాసుకుని, హిందీలో అడిగాడు: "యే బచ్చీ కిస్కీ హై?"

నిజం చెబితే మేస్త్రీని పట్టిస్తారేమో. నోటికి వచ్చిందే అన్నాను: "మేరీ." నాదేనని.

తల్లి ఎక్కడని అడిగితే, చనిపోయిందన్నాను. ఆయన పిల్ల తల నిమిరి, రాసుకున్నాడు. ఎవరి పేరో తప్పు పడిందని వేరే కాగితం మీద మళ్లీ రాసి, మొదటిది నా చేతికిచ్చి వెళ్లాడు. మేస్త్రీ కిందికి దిగివచ్చి సంగతి విని, నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు.

ఆ తరువాత కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చని సర్కారు మాఫీ ఇచ్చినప్పుడు ఆయన బిడ్డను తీసుకుని ఊరికి వెళ్లిపోయాడు. విమానాశ్రయంలో పిల్ల నా చొక్కా వదలలేదు. దాని వేళ్లు మేస్త్రీ ఒక్కొక్కటే విడదీయవలసి వచ్చింది. రూముకు వచ్చాక మిషను కింద పీలికలు ఊడవడానికి నాకు వారం పట్టింది.

రెండేళ్లకు సెలవు దొరికితే మొదట వాళ్ల ఊరికే పోయాను. ఎర్రటి గౌను ఒకటి నా చేత్తో కుట్టి పట్టుకెళ్లాను. పిల్ల నాయనమ్మ కొంగు వెనక దాక్కుని, "గీయన ఎవలు?" అంది. "మస్కట్ల మన రూమాయన, బిడ్డా," అన్నాడు మేస్త్రీ. గౌను పిల్ల భుజాలే దాటలేదు. నాలుగేళ్ల పిల్ల కొలతలకు కుట్టాను. ఈలోగా పెరిగి ఉంటుందని ఎంతోమందికి కొలతలు తీసిన నాకే తట్టలేదు. తర్వాత కొన్నేళ్లకు మేస్త్రీ చనిపోయాక వాళ్లు ఆ ఊరు వదిలారని విన్నాను. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

ఈ రోజుల్లో మా రూము కుర్రవాళ్లు అన్నం తింటూనే ఫోనులో బిడ్డల ముఖాలు చూసుకుంటున్నారు, మంచిదే. జనాభా లెక్కలు కూడా గుర్తింపు కార్డుల్లోంచి కంప్యూటరే తీసుకుంటుందట. తప్పులు పడవట. హమ్రియాలో తలుపు కొట్టి, ఈ పాప ఎవరి పాప అని అడిగే మనిషి ఇక రాడు.