చల్లటి హాలు, టేకు పలకలు

మా ఇంటి ముందు వసారా కూలినప్పుడు చెక్కుచెదరకుండా మిగిలినవి దాని టేకు దూలాలు మాత్రమే. గుడివాడ కలప వ్యాపారి ఒకడు కబురైనా చేయకుండా వచ్చి, చెప్పుల కాళ్లతో ఒక దూలం మీదికెక్కి కొంటానన్నాడు. దిగమన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మిగిలిన ఇంటికి ఆ టేకుతోనే వీధి తలుపు చేయించాలన్నది నా పట్టుదల.

దూలాలను పలకలుగా కోయించాను. వానకు నానిన చెక్క గనుక ఏడాది ఆరాలన్నాడు వడ్రంగి. దివిసీమలో ఏడాదిపాటు ఏ వస్తువునైనా పొడిగా ఉంచడం మాటలు కాదు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క సముద్రం, మా గుమ్మం ముందే కాలువ.

నేను క్షణం కూడా ఆలోచించకుండా హాల్లో పెట్టించాను. రోహిణీ కార్తెలో కూడా చల్లగా ఉండే హాలు అది. బందరు నుంచి వచ్చిన ఆఫీసర్లు భోజనం చేసి ఆ నేల మీద నడుం వాలిస్తే సాయంత్రం దాకా లేచేవారు కాదని నాన్నగారు పదిమందికీ చెప్పేవారు. పలకలను గోడవారన ఒకదానిమీద ఒకటి పేర్పించి, టార్పాలిన్ కప్పించి, తాళం వేశాను.

రెండు నెలల తర్వాత వడ్రంగి ఆ టార్పాలిన్ తీశాడు. అడుగు పలకలు రెండు బూజు పట్టి నల్లబడ్డాయి. ఒకటి మెలి తిరిగింది.

"ఇదేంటండి బాబుగారూ, చెక్కని ఊరేశారా?"

"నోరు అదుపులో పెట్టుకో. మా తాతగారు కట్టించిన హాలు ఇది."

"మనుషులు పడుకోడానికి కట్టించారండి. చెక్క పడుకోడానికి కాదు."

తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మగారూ, నాలుగు అప్పడాలు వేయించి ఇప్పించండి" అన్నాడు. ఆకలేసిందేమో అనుకున్నాను. అతను ఒక అప్పడం హాల్లో, ఒకటి వెనక గదిలో, ఒకటి పశువుల కొట్టం అటక మీద పెట్టాడు. "విరిగిందా, చెక్కకి మంచి చోటు. వంగిందా, పనికిరాదు" అన్నాడు.

సాయంత్రం హాల్లో అప్పడాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు. తడిగుడ్డలా వేలాడింది. మిగతా రెండూ అంతే.

అప్పుడు నాకు వచ్చిన కోపం అతని మీద కాదు. మూడు తరాలుగా మేము ఊరందరి ముందు గొప్పగా చెప్పుకున్న చల్లదనమంతా కాలువ నీటి చెమ్మే. నేల కింద నుంచి అది మా గోడల్లోకి పాకుతుంటే మేము దాన్ని మా వైభవం అనుకున్నాం. ఆ మాట మీద పోయిన పెద్దలతో ఎలా పోట్లాడను?

వడ్రంగి నాలుగో అప్పడాన్ని కాగితంలో చుట్టాడు. "ఇది మాస్టారి మేడ మీద పెట్టొస్తానండి."

మాస్టారంటే మా పాత పాలేరు కొడుకు. బడిపంతులుగా రిటైరై, మినుములు నిల్వ చేసుకోవడానికి మేడ మీద గది వేయించుకున్నాడు.

"అక్కర్లేదు" అన్నాను.

"అక్కర్లేదంటే మిగతా పలకలూ పోతాయండి. ఇంక తలుపుండదు."

మర్నాడు పొద్దున్నే వడ్రంగి వచ్చి, మేడ మీద పెట్టిన అప్పడాన్ని నా ముఖం ముందు ఫటుక్కున విరిచి, కరకరా నమిలేశాడు.

మనిషిని పంపి అడిగించడం నాకు ఇష్టం లేదు. పాలేరు కొడుకు ఇంటికి నేనే వెళ్లాను. అరుగు మీద పేపరు చదువుతున్న మనిషి లేచి నిలబడ్డాడు.

"రండి, లోపలికి రండి."

"ఇక్కడ చాలు. మీ మేడ గది కావాలి, కలపకి."

"ఆ దూలాలేనా అండీ? మా నాన్న భుజాన మోసుకొచ్చినవి."

"అవే."

"మరి మీకు హాలుందిగా, చల్లగా! చిన్నప్పుడు నాన్నతో వచ్చి మీ గుమ్మంలో నించుంటే కాళ్లకి హాయిగా తగిలేది. లోపలెలా ఉంటుందో మాత్రం తెలీదు." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

"లోపల చెమ్మ, మాస్టారూ" అన్నాను.

ఆయనను అలా పిలవడం అదే మొదటిసారి. పేపరు మడిచి అరుగు మీద పెట్టాడు.

"తెప్పించండి. రీపర్లు నా దగ్గరున్నాయి."

ఆ మధ్యాహ్నం ఆయన దగ్గరుండి పేర్పించాడు. నేల మీద ఇటుకలు, పలకకీ పలకకీ మధ్య రీపర్లనే సన్నటి చెక్క బద్దలు, గోడకి జానెడు ఎడం. టార్పాలిన్ తెస్తే విసుక్కున్నాడు. "గాలాడాలండీ దానికి! ఊరికే చూస్తారేంటి, ఆ చివర పట్టుకుని ఎత్తండి."

నాకు పని చెప్పినవాడు ఆ ఊళ్లో అంతవరకు లేడు. దవడలు బిగించుకుని ఎత్తాను. రీపరు సర్ది, "ఇంకొంచెం" అన్నాడు. ఇంకొంచెం ఎత్తాను.