ఫోన్‌నే అడుగుదాం

ఒకే కంపెనీ సిమ్ముకు కట్టుబడిన పాత ఫోన్లను విడిపిస్తాడు గనుక, చేతిలో తాళంచెవి లేకపోయినా వీధంతా ఆయన్ని తాళాలాయనే అంటుంది. పొద్దున షాపులో స్టూలెక్కితే భోజనానికి కూడా దిగడు. మీట నొక్కబోయే ప్రతిసారీ వేలిని చొక్కా అంచుకు తుడుచుకుంటాడు. ఆ పూట ఎదురుగా ఉన్న ఆడమనిషికి మాత్రం కాలు నిలవడం లేదు. ఆమె ఫోను నిన్న నీళ్ల బకెట్లో పడింది. నెలలు నిండిన చెల్లెలు తనింట్లో ఒంటరిగా ఉంది. నొప్పులొస్తే అక్క నంబరుకే చేస్తుంది. కొన్న సెకండ్‌హ్యాండ్ ఫోనేమో అక్క సిమ్మును ఒప్పుకోనంటోంది. “ఇంకో షాపువాళ్లు తప్పు కోడ్ కొట్టీ కొట్టీ ఒక్క అవకాశమే మిగిల్చారమ్మా. ఇదీ తప్పితే ఇక తాళం ఊడదు,” అన్నాడు. “భయపెట్టకుండా కానివ్వన్నా.”

ఆ షాపువాళ్లు ఫోను వెనక స్టిక్కరు మీదున్న గుర్తింపు నంబరుకు కోడ్ తెప్పించారు. ఆయన స్టిక్కర్లను నమ్మడు. “ఎవరి చొక్కా ఎవరికి తొడిగారో. ఫోన్‌నే అడుగుదాం,” అంటూ మీటలు నొక్కాడు. తెర మీద ఫోను అసలు నంబరు వచ్చింది, స్టిక్కరు మీదిది కాదు. దానికి కొత్త కోడ్ తెప్పించి, వేలు తుడుచుకుని, ఒక్కొక్క అంకే నొక్కాడు. చివరి అంకె దగ్గర ఆమె కళ్లు మూసుకుంది. తాళం విడింది. సిగ్నల్ గీతలు లేచాయో లేదో ఫోను మోగింది. “ఎక్కడున్నావక్కా, పొద్దుట్నుంచీ చేస్తున్నా...” ఆమె బదులు చెప్పేలోగా తాళాలాయన స్టూలు దిగి, బయట స్కూటరు తీసి, వెనక సీటును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.