మొగిలి కొలతలు

హవల్దారు సామ్యేల్‌కు ఈ లోకంలో ఉన్న బాధ ఒక్కటే: ఎదుటివాడి బట్టలు ఒంటికి సరిగ్గా కుదరకపోవడం. కరువులొచ్చినా కదలని మనిషికి, ఎవరి గుండీ అయినా పక్కకు జరిగితే అన్నం సయించేది కాదు. పద్దెనిమిదేళ్లు పటాలంలో దర్జీగా చేసి, పింఛను తీసుకుని వచ్చి, గోదావరిఖనిలో బొగ్గు బాయి గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. విజిల్ ఉండాల్సిన జేబులో కత్తెర, సూదీదారం, నాలుగు పిన్నీసులు ఉండేవి.

మొదటి షిఫ్టుకు దిగేవాళ్లను గేటు దగ్గర వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి కాలరులో వేళ్లు దూర్చి చూసేవాడు.

"రెండు వేళ్లు దూరాలె. మూడు దూరితే అది సంచి. ఒకటే దూరితే ఉరి."

"బొగ్గుల పొర్లేటోనికి కాలరు ఎట్లుంటె ఏందే హవల్దారన్నా? లోపట ఎవ్వడు జూస్తడు?"

"బొగ్గు జూస్తది గదరా!"

ఒకసారి బారాత్‌ను నడిరోడ్డు మీద ఆపి, పెళ్లికొడుకును గుర్రం మీంచి దింపి, కోటు చేతులు అంగుళం మడిచి కుట్టేదాకా కదలనివ్వలేదు. బ్యాండువాళ్లు వచ్చిన పాటలన్నీ రెండేసి సార్లు వాయించారు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థనకు కళ్లు మూసుకోగానే వెనకనుంచి వెళ్లి ఆయన అంగీ అంచు సర్దేవాడు. ఆ దెబ్బకు పాస్టరుగారు కళ్లు తెరిచే ప్రార్థించడం అలవాటు చేసుకున్నారు.

పోశవ్వకు ఆయనంటే నవ్వూ వచ్చేది, హడలూ ఉండేది. బాయిలో పనిచేసే ఆమె భర్త ఎల్లేశం చొక్కాల్లో ఆ కత్తెర రుచి చూడనిది లేదు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు మొగిలి పటాలంలో చేరతానంటే, నిలబడటం, నడవడం నేర్పి పంపింది కూడా సామ్యేలే.

"సెలవుల పెరేడ్ డ్రెస్సు మీదనే వస్త. నువ్వు గుర్తు పట్టవు జూడు అవ్వా" అని మొగిలి ఉత్తరం రాశాడు. డెబ్బై ఒకటి చివర్లో యుద్ధం వచ్చింది. మొగిలి రాలేదు. అంత్యక్రియలు అక్కడే జరిగిపోయాయి. ఇంటికి ట్రంకుపెట్టె వచ్చింది, అందులో మడత నలగని పెరేడ్ డ్రెస్సు.

కొడుకును ఆ డ్రెస్సులో ఒక్కసారి చూడాలని పోశవ్వ ప్రాణం కొట్టుకుపోయింది. నాలుగు నెలల తర్వాత ఫోటో స్టూడియో దయాసాగర్ ఉపాయం చెప్పాడు. ఎవరైనా అది తొడుక్కుని నిలబడితే ఫోటో తీస్తాడు. తల కోసేసి, మొగిలి పటాలంలో చేరేముందు దిగిన ఫోటోలోని తల అతికిస్తాడు. పరాయివాడి ఒంటి మీద ఆ బట్టలు చూడలేనంది పోశవ్వ. దాంతో స్టూడియోలో ఎల్లేశమే తొడుక్కున్నాడు.

మొగిలి ఆరడుగుల మనిషి. ఎల్లేశం ఇరవై ఏళ్లు నడుం వంచి బొగ్గు టబ్బులు నింపినవాడు. చేతులు కోటులోనే మాయమయ్యాయి, ప్యాంటు నేల ఊడ్చింది.

"హవల్దారును పిలువు" అన్నాడు ఎల్లేశం దిగులుగా.

పోశవ్వ జంకుతూనే కబురు పెట్టింది. ఆ మనిషి కత్తెర పెడితే కొడుకు కొలతలు ఇక ఎక్కడా మిగలవు.

సామ్యేల్ వచ్చాడు. ఎల్లేశం చుట్టూ మూడుసార్లు తిరిగి జేబులోంచి కత్తెర తీశాడు. పోశవ్వ అడ్డం పడింది.

"అన్నా, నీ కాల్మొక్కుత, కొయ్యకు! గా భుజాలు నా కొడుకువి. ఫోటో లేకుంటె మానె."

"నీకేమన్న పిచ్చా చెల్లే? డ్రెస్సు సక్కగనే ఉన్నది. సక్కగ లేనిది ఎల్లేశమే."

అంటూనే దయాసాగర్ కుర్చీ మీది మెత్తను పర్రున కోశాడు.

"అన్నా! అది కొత్త మెత్త!" అని దయాసాగర్ మొత్తుకున్నాడు. సామ్యేల్ విన్లేదు. దూది తీసి ఎల్లేశం భుజాలకు, ఛాతీకి కూరాడు. కాళ్ల కింద ఇటుకలు పెట్టాడు. బెల్టు బకిల్‌ను గుండీల వరసకు తెచ్చాడు. ఒక్క కుట్టు కూడా విప్పలేదు. పై గుండీ మాత్రం పెట్టి, విప్పి, మళ్లీ పెట్టాడు.

"పటాలంల శానమందికి గీ గుండీ నేనే పెట్టి తోలిన చెల్లే" అన్నాడు పోశవ్వ వైపు చూడకుండా. "కొందరు మల్ల రాలే. గందుకే గేటు కాడ కాలరు సూసుడు. గట్లనన్న దిగేటోన్ని ఒక్కపారి ముట్టుకోవచ్చని."

పోశవ్వకు ఇన్నేళ్లూ ఆ మనిషిని చూసి నవ్వినందుకు సిగ్గేసింది.

దయాసాగర్ కెమెరా నల్లగుడ్డలో తల దూర్చాడు. "కాకా, కదలకు."

"నా మొకం ఎట్లయిన కోసేస్తవు గదా బిడ్డా?" అన్నాడు ఎల్లేశం.

"అవ్ కాకా."

"గట్లయితె ఏడ్వచ్చా?"

సామ్యేల్ ఒక్కసారిగా సావధాన్‌లో నిలబడ్డాడు. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి.

"ఏడువు. గని భుజాలు కదిలియ్యకు, ఫిట్టింగ్ ఖరాబైతది."

ఎల్లేశం ఇటుకల మీద నిటారుగా నిలబడి, భుజాలు ఇసుమంతైనా కదల్చకుండా, కరువుతీరా ఏడ్చాడు. పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే, నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వింది.