దేవుడు వైర్లు పీకడు

మా ఇంట్లో ఇద్దరు డ్రైవర్లం. కృష్ణపట్నంలో ఒక కంపెనీ బస్సు నడిపి రిటైరైన సంజీవరావును నేను. హెవీ లైసెన్సు ఉన్నవాణ్ణి. రెండో డ్రైవరు నా భార్య ఎలిశబెతు. ఆమెకు లైసెన్సు లేదు. బండికి నంబరు లేదు, ఇన్సూరెన్సూ లేదు. అయినా మా బోగోలు మండలంలో చట్టప్రకారం బండి నడిపేవాళ్ల పేర్లు చెప్పమంటే ముందు ఆమె పేరే చెబుతాను. నా పేరు తర్వాత చెప్పుకుంటాను. అదెలాగంటే, బండి కంటే ముందు ఆమె మోకాళ్ల సంగతి చెప్పాలి.

ఎలిశబెతు మా సంఘంలో బైబిల్ స్త్రీ. ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లతో కూర్చుని, వాక్యం చదివి, ప్రార్థన చేసి, వాళ్ల కష్టసుఖాలు విని రావడం ఆమె పని. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ ఆమె వంతుకు వచ్చినవి సముద్రపు ఒడ్డున ఉన్న మూడు జాలర్ల పాళేలు. రొయ్యల గుంటల గట్ల వెంబడి నడిచి, బకింగాం కాలువ వంతెన దాటి, ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ పోవాలి. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన నడక అది. రోజంతా బస్సు సీట్లో కూర్చుని వచ్చి నేను నడుం నొప్పి అని మూలిగేవాణ్ణి. రోజంతా నడిచి వచ్చిన మనిషి నాకు వేడినీళ్లు కాచి ఇచ్చేది.

ఆ పాళేల్లో కానుపులకు ఆమె ఉండాలి, చావులకు ఆమె ఉండాలి. అత్తాకోడళ్ల గొడవలకైతే ఆమె లేనిదే కుదరదు. చివరి పాళెంలో పోలేరమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. చేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగే మనిషి. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకునే ఉద్దేశం కూడా లేదు. అయినా ఎలిశబెతు రాకపోతే ఆ వారం వారంలాగే ఉండదంటుంది.

అలాంటి మనిషికి మోకాళ్లు పోయాయి. ఊళ్లో రెండు వీధులు తిరగడమే గగనమైంది. మా పాస్టరు యెహోషువ అయ్యగారు మెత్తటి మనిషి. పాళేలు సంఘంలో కొత్తగా ఈ పనికి వచ్చిన అబిగయీలుకు అప్పగిద్దామనీ, వయసులో ఉన్న పిల్ల కనుక తిరగగలదనీ, ఎలిశబెతు ఊళ్లో ఇళ్లు చూసుకుంటే చాలనీ నెమ్మదిగా చెప్పారు. ఆమె సరేనని ఇంటికొచ్చి, గడప దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది తక్కువ. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మరి నీ మోటారు సైకిల్ ఏం చేస్తోందయ్యా అని అడుగుతారేమో. ఆ ముచ్చటా అయింది. కొన్నాళ్లు నేనే తీసుకెళ్లాను. ఈవిడ ఒక ఇంట్లో కూర్చుంటే ఇక లేవదు. నేను బయట ఎండలో నిలబడి హారన్ కొట్టేవాణ్ణి. ముప్పై ఏళ్లు టైముకు బస్సు తీసిన చెయ్యి, ఊరుకుంటుందా? చివరికి ఆమే దండం పెట్టింది. నువ్వు హారన్ కొడతా ఉంటే ప్రార్థన సాగదయ్యా అంది.

అప్పుడు సంఘంలో ఆడవాళ్లు ఒక మాట అనుకున్నారు. మాలో ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు గుప్పెడు బియ్యం తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తుంది. అది దేవుడి వంతు. ఆదివారం గుడికి తెస్తారు, పోగైనవి అమ్ముతారు. ఏళ్ల తరబడి పోగైన ఆ గుప్పెడు బియ్యంతో కొత్త మైకుసెట్టు కొనాలని మగవాళ్లం ఎప్పుడో తీర్మానించుకున్నాం. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. బియ్యం మావి, బండి ఎలిశబెతమ్మకు అన్నారు. పాటలు మైకు లేకుండానే పాడుకుంటున్నాం ఇప్పటికీ.

బండి అనగానే నేను అడ్డుపడ్డాను. ఎలిశబెతుకు లైసెన్సు ఏదీ? వయసులో ఉన్నప్పుడు ఒకసారి పరీక్షకు తీసుకెళితే, ఎనిమిది అంకె వేయబోయి ఇన్స్పెక్టరు కుర్చీ మీదికే పోనిచ్చిన చరిత్ర ఆమెది. నెల్లూరు షాపులో మాత్రం ఈ చిన్న కరెంటు బండికి లైసెన్సు అక్కర్లేదన్నారు. అమ్మేవాడి మాట నేను నమ్మను. తిన్నగా కావలి రవాణా ఆఫీసుకు పోయి అడిగాను. అక్కడి ఉద్యోగి విసుక్కోకుండా విడమర్చి చెప్పాడు. మోటారు రెండువందల యాభై వాట్లు దాటకూడదు, వేగం గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటకూడదు. పరీక్ష చేసి అలాగే ఉందని ఒప్పుకున్న బండి అయితే చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కే వేయదు. నంబరు, లైసెన్సు, ఇన్సూరెన్సు ఏవీ అక్కర్లేదు. ఆ గీత దాటిందంటే కరెంటు బండైనా సరే, ఆకుపచ్చ నంబరు ప్లేటుతో సహా అన్నీ కావాల్సిందే.

హెల్మెట్ మాత్రం నేనే కొన్నాను. చట్టం అడిగినా అడగకపోయినా నేను అడుగుతాను గదా.

అయ్యగారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎలిశబెతు ఎక్కింది. మొదటి రోజు ఆమె వెనక నా మోటారు సైకిల్ మీద పోతూ రెండుసార్లు బ్యాలెన్సు తప్పాను, అంత నిదానం. రొయ్యల మేత వ్యాన్లు దాటిపోయాయి, సైకిళ్లు దాటిపోయాయి. గేదెలు తోలుకుపోయే ఆయన కూడా కాస్త పక్కకు జరగమ్మా అన్నాడు. ఆమె మాత్రం వీపు నిటారుగా పెట్టి, చీరకొంగు నడుముకు చుట్టి, రాణిగారు ఊరేగినట్టు పోయింది. నాకు ఎంత నవ్వొచ్చిందో అంత గర్వంగానూ ఉంది.

ఒక్కటే తంటా. నడిచే రోజుల్లో రోజుకో పాళెం చూసేది గాని, ఇప్పుడు ఊళ్లో ఇళ్లు కూడా చూడాలి కనుక మూడు పాళేలకూ గురువారం ఒక్కటే మిగిలింది. ఆ రోజు బయల్దేరితే రెండు పాళేలు ముగిసేసరికి పడవలు ఒడ్డుకు వచ్చే వేళయ్యేది. చివరి పాళెం చేరేటప్పటికి ఆడవాళ్లంతా చేపల దగ్గర ఉండేవాళ్లు. ఉత్త ఇళ్లు చూసి తిరిగి వచ్చేది. చివరి పాళెమైనా అబిగయీలుకు ఇద్దామా అని అయ్యగారు మళ్లీ కదిపారు. క్రిస్మస్ దాకా చూద్దామని ఎలిశబెతు గడువు అడిగింది.

క్రిస్మస్ ముందు మా అక్క కొడుకు బెన్హర్ బండిని సర్వీసుకు తీసుకెళ్లాడు. సెంటర్లో మెకానిక్ షాపు ఉంది వాడికి, పనిమంతుడు. తిరిగొచ్చిన బండి రయ్యిన పోవడం మొదలుపెట్టింది. ఎలిశబెతు పడవల కంటే ముందే చివరి పాళెం చేరింది. పోలేరమ్మ పక్కన కూర్చుని తృప్తిగా మాట్లాడి వచ్చింది. ఆ ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడు తనకు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం మా పద్ధతి. కాళ్లు పోతే చక్రాలిచ్చాడు, ఇప్పుడు చక్రాలకు బలమిచ్చాడు అని చెప్పి కళ్లు తుడుచుకుంది. గుడంతా స్తోత్రం అంది.

నేను అనలేదు. ప్రార్థనకు మనసు మారుతుందేమో గాని మోటారు మారదు. వెనక వరసలో చూస్తే బెన్హర్ తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నాడు.

మర్నాడు ఆమె పక్కనే నా బండి పోనిచ్చి మీటరు చూశాను. నలభై దాటింది. నేరుగా బెన్హర్ షాపుకు పోయాను.

వాడు దాచలేదు. "స్పీడ్ లాక్ వైరు ఒకటి పీకినా మామా, అంతే. అత్త ఆ పాళెం చేరలేక దిగులు పడతా ఉంటే చూడలేక పీకినా. ఆ రోడ్డు మీద ఎవురు చూస్తారు?"

తిడదామని పోయినవాణ్ణి తిట్టలేకపోయాను. వాడు డబ్బుకు ఆశపడి చేసింది కాదు. కానీ ఆ ఒక్క వైరు ఊడగానే మా బండి గీత దాటింది. ఇప్పుడది నంబరు లేని, ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం. నడిపే మనిషికి లైసెన్సు లేదు. పాళెంలో పిల్లలు ఆమెను చూడగానే ఎదురు పరుగెత్తుకొస్తారు, కరెంటు బండికి చప్పుడు కూడా ఉండదు. ఒక్క పిల్లకు తగిలితే ఆ తల్లికి ఏ జవాబు చెబుతాం?

ఇంటికొచ్చి ఎలిశబెతుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె లేచి బండి దగ్గరకు పోయి చూసింది. తర్వాత బెన్హర్‌ను పిలిపించి, పీకింది నువ్వే, కట్టేదీ నువ్వే అని పక్కన పీట వేసుకుని కూర్చుంది. వాడు వైరు కలిపేదాకా లేవలేదు. బండి మళ్లీ పాత నడకకు వచ్చింది.

బండి సంగతి తేలింది. సాక్ష్యం సంగతి మిగిలింది. ఆమె అయ్యగారి దగ్గరకు పోతే, తెలియక అన్న మాటకు తప్పు లేదమ్మా, బండి సరిచేసుకున్నావు, ఇంక సంఘంలో ఎందుకులే అన్నారు. నిజానికి ఊరుకుంటే ఆమెకే మంచిది. బండి పాత బండే అయిందని పదిమందిలో చెబితే చివరి పాళెం తన చేత్తో అబిగయీలుకు ఇచ్చేసినట్టే.  ఆ వారమంతా ఆమె గుప్పెడు బియ్యం తీసేటప్పుడు ఆ గుప్పెట్లోకి చూస్తూ నిలబడేది.

ఆదివారం లేచి నిలబడింది.

"పోయినసారి నేను చెప్పిన సాక్ష్యం తప్పు. బండికి బలం దేవుడు ఇయ్యలేదు. మా బెన్హర్ నా మీద ప్రేమకొద్దీ ఒక వైరు పీకినాడు. దేవుడు వైర్లు పీకడు. పీకిన వైరుతో పోయి ఆయన పని అంటే అది ఆయన పని గాదు. మీరందరూ గుప్పెడు గుప్పెడు ఇచ్చి కొన్న బండి, దాన్ని దొంగబండి చెయ్యలేను. వైరు మళ్లా కట్టించినా. చివరి పాళెం ఇంక నా వల్ల కాదేమో. అయ్యగారు ఎట్ట చెప్తే అట్ట."

కూర్చుంది.  సాక్ష్యం వెనక్కి తీసుకుంటే ఏమనాలో ఎవరికీ తెలియదు, అలాంటిది మా సంఘంలో ఎప్పుడూ జరగలేదు. నేను గుడిలో గొంతెత్తే రకం కాదు, పాట కూడా పెదాలతోనే పాడతాను. ఆ రోజు మాత్రం మగవాళ్ల వైపు నుంచి నా ఒక్కడి గొంతే వినపడింది, స్తోత్రం అని. ఆ తర్వాత బెన్హర్ అన్నాడు. ఆ తర్వాత అందరూ అన్నారు.

గురువారం ఆమె మామూలుగా బయల్దేరింది. చివరి పాళెం వాళ్లకు చెప్పి రావాలి కదా, ఆ ఒక్కరోజు తోడు పోదామని నేనూ వెనకే బయల్దేరాను. సెంటర్లో రవాణా అధికారులు బండ్లు ఆపి చూస్తున్నారు. ముందు పోతున్న కుర్రాళ్లు దూరం నుంచే బండ్లు తిప్పుకుని సందుల్లోకి దూరారు. ఎలిశబెతు తిన్నగా పోయింది. చెకింగ్ చూసి స్పీడు తగ్గించని డ్రైవర్‌ను నా సర్వీసులో నేను చూడలేదు. తగ్గించడానికి ఆమె దగ్గర స్పీడు ఉంటే కదా.

నంబరు లేని బండి కనుక ఆపారు. ఇన్స్పెక్టరు ఆమె ఇచ్చిన బండి పరీక్ష కాగితం చూశాడు. బండి కింద మోటారు మీద రాసి ఉన్న వాట్లు చూశాడు. తనే ఎక్కి రోడ్డు చివరిదాకా నడిపి చూశాడు.  ఆ వైరు ఊడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. ఆయన తిరిగొచ్చి, బండి కరెక్టుగా ఉందమ్మా, వెళ్లిరండి అని బండిని ఆమె చేతికిచ్చాడు.

ఆమె మా ఆవిడండీ అని ఆయన అడగకుండానే చెప్పాను. ఆయన నవ్వి, అయితే మీ కాగితాలు కూడా చూపించండి అన్నాడు. నా పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటి ఉంది. హెవీ లైసెన్సు చూపించినా వదల్లేదు. ఫైన్ రాయించుకుని వచ్చేసరికి ఎలిశబెతు కనుచూపు మేరలో లేదు.

రెండో పాళెంలో ఆమెను కలుసుకున్నాను. అక్కడ ఒక అరుగు పక్కన వేపచెట్టు నీడలో, మామూలుగా ప్రార్థనకు పదిమంది కూర్చునే చోట ఆ రోజు కూర్చోవడానికి జాగా లేదు. పోలేరమ్మ ముందు ఉంది, చీర అంచుల నిండా ఇసుక. ఆమె వెనక చివరి పాళెం ఆడవాళ్లందరూ ఉన్నారు. సంగతి చేపల గంపలతో పాటు వాళ్ల ఊరికి ఎప్పుడో చేరిపోయింది.

ఎలిశబెతు బండి స్టాండు వేసి, హెల్మెట్ తియ్యడం కూడా మరిచిపోయి నిలబడింది. ఇంత దూరం ఎందుకొచ్చారు అంటోంది గాని మాట సరిగా రావడం లేదు.

"ఇన్నేళ్లూ నువ్వు నడిచొచ్చినావు గదా బైబిలమ్మా," అంది పోలేరమ్మ. "ఇంక మేము నడిచొస్తాం. మా మోకాళ్లు బాగానే ఉండాయి."

ఎలిశబెతు హెల్మెట్ లోపలే ఏడ్చింది. అద్దం కిందికి ఉంది కనుక వాళ్లకు తెలియలేదు, నాకు తెలిసింది. నేను నా బండిని నీడలోకి తోసి, తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఆ రోజు వాళ్ల ప్రార్థన పడవలు వచ్చేదాకా సాగింది. నేను ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.